శనివారం బట్వాడా ఆగి నెల జీతం మొదలైతే.. ఇంటి లెక్క ఎలా సర్దుకోవాలి?

మా పెద్దన్నయ్య విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో వెల్డర్. రోజుకి 800 రూపాయలు. సోమవారం నుంచి శనివారం దాకా పని, శనివారం సాయంత్రం బట్వాడా. ఆరు రోజులూ వెళ్తే 4,800 చేతిలో పడతాయి. మా ఇల్లంతా ఏళ్ల తరబడి ఆ శనివారం మీదే నడిచింది. ఆదివారం పొద్దున మాంసం, సోమవారం కిరాణా కొట్టు బాకీ, మంగళవారం వదిన గ్రూపు కిస్తీ. ఎవరికి ఏ రోజు ఇవ్వాలో ఎవరూ రాసుకోనక్కర్లేదు, అందరికీ నోటికొచ్చు.

ఒక రోజు ఓనరు గారు అందర్నీ పిలిచి చెప్పారు: "వచ్చే నెల నుంచి వారం బట్వాడా లేదు. నెల జీతమే. బ్యాంకులో వేస్తాం. ఆడిటర్ అలాగే చెయ్యమన్నాడు." అన్నయ్యకి నెలకి 19,200 అని కాగితం మీద రాసిచ్చారు. వారానికి 4,800 కదా, నాలుగు వారాలకి 19,200. లెక్క సరిపోయింది. అన్నయ్య తలూపి ఇంటికొచ్చాడు. నేను బీకాం చదివినవాణ్ణి, నాకూ సరిగ్గానే ఉందనిపించింది.

తప్పు పట్టుకున్నది మా వదిన. ఆమె ప్రతి శనివారం బట్వాడా డబ్బు వంటింటి క్యాలెండర్ మీద రాస్తుంది. పేజీలు తిప్పి చూసి, "కొన్ని నెలల్లో అయిదు శనివారాలు వచ్చాయి కదా, మరి ఆ అయిదో వారం డబ్బు ఎక్కడికి పోయింది?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న మా ఇంటికి ఏడాదికి 19,200 రూపాయలు మిగిల్చింది. మీ ఇంట్లో ఎవరికైనా రోజు కూలీ, వారం బట్వాడా పోయి నెల జీతం రాబోతుంటే, సంతకం పెట్టే ముందు ఈ లెక్కలన్నీ ఒకసారి చూడండి.

నెల అంటే నాలుగు వారాలు కాదు

ఏడాదికి 52 వారాలు. నెలకి నాలుగు వారాల చొప్పున పన్నెండు నెలలు వేస్తే 48 వారాలే వస్తాయి. మిగతా నాలుగు వారాలు లెక్కలోంచి జారిపోతాయి. ఎవరూ కావాలని దొంగిలించక్కర్లేదు, గుణకారంలోనే పోతాయి.

అన్నయ్య విషయంలో చూడండి. వారానికి 4,800 చొప్పున 52 వారాలకి 2,49,600. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకి 20,800. ఓనరు రాసిచ్చింది 19,200. అంటే నెలకి 1,600 తేడా, ఏడాదికి 19,200 తేడా. సరిగ్గా ఒక నెల జీతం అన్నమాట.

ఇదే లెక్కని రోజుల్లో చూసినా అంతే. ఏడాదికి 365 రోజుల్లో 52 ఆదివారాలు తీసేస్తే 313 రోజులు. పన్నెండుతో భాగిస్తే నెలకి 26 రోజులు. 26 ఇంటూ 800 అంటే 20,800. అందుకే చాలా చోట్ల "26 రోజుల జీతం" అంటారు. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇంతే: రోజు కూలీ ఇంటూ 26. లేదా వారం కూలీ ఇంటూ 52, భాగించు 12. వారం కూలీని నాలుగుతో గుణిస్తే మాత్రం ఒప్పుకోకండి.

నెల జీతం వచ్చాక ఇంకో సంగతి కనిపిస్తుంది. కొన్ని నెలల్లో 27 పని రోజులు వస్తాయి. ఆ నెల 20,800 వస్తే, రోజు లెక్కన 21,600 రావాలి కదా, 800 తగ్గిందే అనిపిస్తుంది. కానీ 28 రోజుల ఫిబ్రవరిలో పని రోజులు 24 మాత్రమే. రోజు లెక్కన అయితే 19,200 వచ్చేవి, ఇప్పుడు 20,800 వస్తాయి. ఏడాది మొత్తం మీద సమానం అవుతుంది. కాబట్టి ఒక్క నెల చూసి గొడవ పడకూడదు, ఏడాది లెక్క చూడాలి.

సెలవు పెడితే ఎంత కోస్తారు?

వారం బట్వాడాలో పనికి వెళ్లని రోజుకి డబ్బు లేదు, అక్కడితో అయిపోయింది. నెల జీతంలో మాత్రం ఒక రోజు మానేస్తే ఎంత కోస్తారన్నది ముందే తెలుసుకోవాలి. 20,800ని 26తో భాగిస్తే రోజుకి 800. అదే 30తో భాగిస్తే రోజుకి 693. కొన్ని చోట్ల కోసేటప్పుడు 26తో, ఆదివారం అదనంగా పని చేయించుకున్నప్పుడు ఇచ్చేది 30తో లెక్కేస్తారు. రెండు వైపులా పనివాడికే నష్టం. ఏ అంకెతో భాగించినా పర్వాలేదు, కోతకీ చెల్లింపుకీ ఒకే అంకె ఉండాలని అడగండి. పనికి రాని రోజులు వేతన కాలంలో ఎంత వంతో, కోత అంత వంతుకి మించకూడదని చట్టంలోనే ఉంది.

పండుగ సెలవుకి జీతం ఉంటుందా, కరెంటు లేక షెడ్డు మూసిన రోజు సంగతేంటి, ఇవి కూడా ముందే అడగాలి. వారం కూలీలో ఈ ప్రశ్నలే ఉండవు. నెల జీతంలో ఉంటాయి, చాలాసార్లు జవాబు మనకి లాభంగానే ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

ఓనరు జీతం ఇచ్చే పద్ధతి మార్చడం తప్పేమీ కాదు. కానీ దానికో పద్ధతి ఉంది.

వేతనాల కోడ్ 2019లో పార్లమెంటులో ఆమోదం పొంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వేతన కాలం రోజు, వారం, పక్షం, నెల, ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. నెలకి మించకూడదు. డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా అందులోనే ఉంది.

- రోజు కూలీ: ఆ రోజు పని అయిపోగానే.
- వారం కూలీ: వారపు సెలవుకి ముందు, చివరి పని రోజున.
- పక్షం రోజుల కూలీ: పక్షం ముగిసిన తర్వాత రెండో రోజు దాటకుండా.
- నెల జీతం: తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా.

పని మానేసినా, తీసేసినా, షెడ్డు మూసేసినా రావాల్సిన జీతం మొత్తం రెండు పని రోజుల్లో ఇచ్చెయ్యాలి. "వచ్చే నెల జీతాలప్పుడు రా" అని తిప్పకూడదు. జీతం చీటీ ఇవ్వడం కూడా తప్పనిసరి. అన్ని కోతలూ కలిపి ఆ వేతన కాలంలో వచ్చే జీతంలో సగం దాటకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. జీతం, దాన్ని ఏ కాలానికి, ఏ రూపంలో ఇస్తారు అన్న విషయాల్లో కార్మికులకి ఇబ్బంది కలిగే మార్పు చేసే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఈ మాట ఉంది, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. యాజమాన్యం, కార్మికులు కలిసి ఒప్పందం చేసుకుని మార్చుకుంటే ఆ నోటీసు అక్కర్లేదు. "రేపట్నుంచి ఇంతే" అనడం మాత్రం కుదరదు.

అసలు కష్టం మొదటి నెలలో

జీతం అంకె సరిచేసుకున్నా, మధ్యలో ఒక పెద్ద గుంట ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. చివరి బట్వాడా జూన్ 27 శనివారం అనుకోండి. జూలై 1 నుంచి నెల జీతం. జూలై జీతం ఆగస్టు 7 లోపు వస్తుంది. జూన్ 27 నుంచి ఆగస్టు 7 దాకా 41 రోజులు. ఈ మధ్యలో జూలై 4, 11, 18, 25, ఆగస్టు 1, మొత్తం అయిదు శనివారాలు బట్వాడా లేకుండా పోతాయి. 4,800 చొప్పున 24,000 రూపాయలు.

ఇది పోయిన డబ్బు కాదు, ఓనరు దగ్గర ఉన్న డబ్బు. చివరికి వస్తుంది. కానీ పిల్లలు ఆగస్టు 7 దాకా ఆగి అన్నం తినరు కదా. ఇళ్లల్లో వడ్డీ అప్పులు మొదలయ్యేది సరిగ్గా ఈ 41 రోజుల్లోనే.

ఇందులో ఇంకో చిన్న చిల్లు కూడా ఉంది. జూన్ 27 శనివారానికి, జూలై 1కి మధ్య సోమవారం, మంగళవారం రెండు పని రోజులున్నాయి. చివరి బట్వాడాలో అవి లేవు, నెల జీతంలోనూ లేవు. ఆ రెండు రోజుల 1,600 ఎప్పుడు ఇస్తారని అడగకపోతే ఎవరికీ గుర్తుండదు. అన్నయ్య వాళ్ల షెడ్డులో పన్నెండు మంది పనివాళ్లలో ఒక్కరు కూడా ముందు దీని గురించి ఆలోచించలేదు.

ఓనరుతో ఎలా మాట్లాడారు

అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. "అడిగితే రేపట్నుంచి రావద్దంటాడు" అన్నాడు. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఒక్కడే వెళ్లలేదు. నలుగురు మేస్త్రీలు కలిసి, పని అయిపోయాక, ఒక కాగితంతో వెళ్లారు. ఆ కాగితం మీద చట్టం పేరు లేదు, డిమాండ్ అన్న మాట లేదు. 52 వారాల లెక్క, 26 రోజుల లెక్క, మధ్యలో మిగిలిన రెండు రోజులు, అయిదు శనివారాలు. అంతే.

"ఓనరు గారూ, నెల జీతం మాకూ మంచిదే. ఈ లెక్క ఒకసారి మీ ఆడిటర్‌కి చూపించండి" అన్నారు. ఆయన ఆ సాయంత్రం ఏమీ మాట్లాడలేదట. రెండు రోజుల తర్వాత ఆడిటరే 26 రోజుల లెక్క సరైందని చెప్పాడు. జీతం 20,800 అయింది. మిగిలిన రెండు రోజుల డబ్బు విడిగా ఇచ్చారు. మొదటి అయిదు శనివారాలు సగం బట్వాడా, అంటే 2,400 చొప్పున అడ్వాన్సు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మొత్తం 12,000. నెలకి వెయ్యి చొప్పున పన్నెండు నెలల్లో కోసుకుంటారు.

అన్ని చోట్లా ఇంత తేలిగ్గా జరగదని నాకు తెలుసు. కానీ చాలామంది యజమానులు మోసం చెయ్యాలనే నాలుగుతో గుణించరు, అది నోటి లెక్క కాబట్టి గుణిస్తారు. ముందు కాగితం చూపించండి. కోపం తర్వాతైనా చూపించొచ్చు.

అడ్వాన్సు అడిగేటప్పుడు మూడు విషయాలు రాయించుకోండి: మొత్తం ఎంత, నెలకి ఎంత కోస్తారు, ఏ నెలలో పూర్తవుతుంది. ఒకేసారి మొదటి జీతంలోంచి మొత్తం కోసేస్తే మళ్లీ అదే గుంటలో పడతాం.

కిస్తీలు, అప్పుల తేదీలు మార్చుకోండి

ఆదాయం తేదీ మారితే అప్పుల తేదీలు కూడా మారాలి. లేకపోతే జీతం ఒక దారిన, బాకీ ఒక దారిన పోతాయి.

గ్రూపు లోన్లు: మన ఇళ్లల్లో ఆడవాళ్లు తీసుకునే మైక్రోఫైనాన్స్ లోన్లకి చాలావాటికి వారం వారం కిస్తీ ఉంటుంది. బట్వాడా వారానికి వచ్చినప్పుడు అది నడిచింది. ఇప్పుడు ప్రతి మంగళవారం ఎక్కడ్నుంచి తేవాలి? రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, కిస్తీ వారానికా, పక్షానికా, నెలకా అన్నది అప్పు తీసుకున్నవాళ్ల అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు ఉండేలా సంస్థలు విధానం పెట్టుకోవాలి. కాబట్టి సెంటర్ మీటింగులో ఊరికే బతిమాలక్కర్లేదు. "మా ఇంట్లో జీతం నెలకి మారింది, మా కిస్తీ నెలకి మార్చండి" అని బ్రాంచికి రాసివ్వండి. మార్చాక మొత్తం కట్టాల్సింది ఎంత అవుతుందో అడిగి చూసుకోండి.

బండి, ఫోను ఈఎంఐలు: ఈఎంఐ 5వ తేదీన ఉండి జీతం 7న పడితే ప్రతి నెలా చెక్కు బౌన్స్ అయినట్టే. బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఇంకో చార్జీ వేస్తాయి. తేదీని 10కో 12కో మార్చమని అడగండి. మార్చకపోతే, ఒక్క కిస్తీకి సరిపడా డబ్బు ఎప్పుడూ ఖాతాలో ఉంచండి. ఆదివారం కదా, బ్యాంకు సెలవు కదా అని ధీమాగా ఉండకండి. 2021 ఆగస్టు నుంచి ఈ ఆటోమేటిక్ కోతలు ఆదివారాలూ సెలవు రోజులూ కూడా నడుస్తున్నాయి. అదే దారిలో జీతం కూడా ఆదివారం పడొచ్చు, అది వేరే సంగతి.

కిరాణా కొట్టు: ఏళ్ల తరబడి వారం వారం కట్టిన కొట్టుకి విషయం ముందే చెప్పండి. "ఇకపై నెలకోసారి, 8వ తేదీన" అని తేదీ చెబితే మాట ఉంటుంది. చెప్పకుండా రెండు వారాలు ముఖం చాటేస్తే పోయేది నమ్మకం. సామాను తెచ్చిన రోజే పుస్తకంలో ధర వేయించండి, నెలాఖరున కొత్త ధర వెయ్యకుండా ఉంటుంది.

లోన్ యాప్‌లు: మొదటి నెల గుంటలో పడ్డ కుర్రాళ్లకి ఫోన్లో ముందు కనిపించేవి ఇవే. "అయిదు నిమిషాల్లో అయిదు వేలు" అంటాయి. ఏడు రోజుల్లో కట్టాలి, కట్టకపోతే ఫోన్లో ఉన్న చుట్టాలందరికీ మెసేజ్‌లు పోతాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేవాళ్లు మీ కాంటాక్టుల జాబితా తీసుకోకూడదు. అప్పుకి ముందే మొత్తం ఖర్చు చూపించే వివరాల కాగితం, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇవి పాటించని యాప్ జోలికి అస్సలు పోవద్దు.

వడ్డీ లేని దారులు ముందు చూడండి. ఓనరు దగ్గర అడ్వాన్సు మొదటిది. చుట్టాల్లో ఎవరైనా ఖర్జె హసనాగా ఇస్తామంటే తీసుకోండి. కానీ తిరిగిచ్చే తేదీ చెప్పి, కాగితం మీద రాసి తీసుకోండి. చిట్టీ ఉంటే, మార్పు జరిగే నెలలో మీ వంతు ముందుకి జరపమని మిగతావాళ్లని అడగొచ్చు. మా వదిన ఇదే చేసింది.

ఇంట్లోనే బట్వాడా పెట్టుకోండి

నెల జీతం మొదటిసారి పడ్డ రోజు చాలా ఎక్కువగా కనిపిస్తుంది. జీవితంలో 4,800 దాటి ఒకేసారి చూడని చేతికి 20 వేలు వస్తే, మొదటి వారంలోనే సగం ఖర్చయిపోతుంది. మా ఇంట్లో మొదటి నెల అదే జరిగింది. 22వ తేదీకి ఖాతాలో 640 రూపాయలు మిగిలాయి.

రెండో నెల నుంచి వదిన పద్ధతి మార్చింది. జీతం పడగానే నెలకోసారి కట్టేవన్నీ ముందు తీసేస్తుంది. ఈఎస్ఐ కింద 156 పోగా వచ్చేది 20,644. అందులో అద్దె 6,000, పిల్లల ఫీజు, ఆటో కలిపి 2,500, కరెంటు, గ్యాస్, ఫోన్లు 1,800, అత్యవసరానికి పక్కన పెట్టేది 1,000. మొత్తం 11,300. మిగిలింది 9,344. ఓనరు అడ్వాన్సు కింద కోసే వెయ్యి, గ్రూపు కిస్తీ ఆమె మిషన్ కుట్టు డబ్బుతో సర్దుతుంది.

ఇక్కడే అందరూ మళ్లీ పాత తప్పు చేస్తారు. 9,344ని నాలుగుతో భాగించి వారానికి 2,336 అనుకుంటారు. 28 రోజులకే డబ్బు అయిపోతుంది, చివరి మూడు రోజులు అప్పు. అలా కాకుండా 31తో భాగించండి. రోజుకి 300 పైచిలుకు వస్తుంది. వారానికి 2,100. నాలుగు వారాలకి 8,400 పోగా 944 మిగులుతుంది. అవి చివరి మూడు రోజులకి సరిపోతాయి.

అన్నయ్య జీతం ఖాతా వేరు, వదిన ఖాతా వేరు. వదినది జీరో బ్యాలెన్స్ ఖాతా. ప్రతి శనివారం సాయంత్రం అన్నయ్య ఫోన్లోంచి వదిన ఫోన్‌కి 2,100 వెళ్తాయి. మా అమ్మీ నవ్వుతూ, "ఓనరు మానేసినా మన ఇంట్లో బట్వాడా ఆగలేదు" అంటుంది. నిజమే, పాత అలవాటుని పోగొట్టుకోకుండా కొత్త జీతంలోకి తెచ్చుకోవడమే ఇందులో ఉన్న కిటుకు.

పండుగల సంగతి కూడా ఆలోచించాలి. రంజాన్, బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి. ఒక ఏడాది జీతం పడ్డ మర్నాడే రావచ్చు, ఇంకో ఏడాది నెల చివర చేతిలో ఏమీ లేనప్పుడు రావచ్చు. వారం బట్వాడాలో ఈ తేడా తెలిసేది కాదు. ఈసారి పండుగ ఏ తేదీల్లో రావచ్చో ఇప్పుడే చూసుకుని, నెల చివర పడేలా ఉంటే పండుగ అడ్వాన్సు ముందే అడగండి. లేదా నెలకి 300, 400 పక్కన పెట్టండి.

నెల జీతంతో వచ్చే మంచి కూడా ఉంది

చేతికిచ్చే డబ్బుకి రుజువు లేదు. బ్యాంకులో పడే జీతానికి ఉంది. రేపు అద్దె ఇంటికో, బ్యాంకు లోనుకో, పిల్లల చదువుకో ఆదాయం చూపించాలంటే ఆరు నెలల స్టేట్‌మెంట్ చాలు.

పది మంది లేదా ఎక్కువ మంది పనిచేసే చోట, నెలకి 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం. అన్నయ్య 156 కడితే ఓనరు 676 కడతారు. దాంతో భార్యాపిల్లలకి కూడా వైద్యం దొరుకుతుంది. ఇరవై మంది లేదా ఎక్కువ ఉంటే పీఎఫ్ కూడా వస్తుంది, మీ వంతు 12 శాతం. చేతికొచ్చేది తగ్గింది అని బాధపడే ముందు, కోసినది నిజంగా కడుతున్నారో లేదో చూడండి. ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు అడిగి తీసుకోండి. యజమాని కట్టాల్సిన వంతుని మీ జీతంలోంచి కోయకూడదు.

గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లకి

దుబాయ్, సౌదీలో పనిచేసేవాళ్ల ఇళ్లల్లోనూ ఇదే గుంట వస్తుంది. అక్కడ కంపెనీ జీతం తేదీ పది రోజులు వెనక్కి జరిపితే ఇక్కడ అద్దె, ఫీజు ఆగిపోతాయి. సౌదీ కార్మిక చట్టంలో రోజు కూలీ వాళ్లకి కనీసం వారానికోసారి, నెల జీతగాళ్లకి నెలకోసారి ఇవ్వాలని ఉంది. యూఏఈలో జీతాలు ప్రభుత్వం గమనించే వేతన రక్షణ వ్యవస్థ ద్వారా బ్యాంకుల్లో పడతాయి. తేదీ మారుతోందని తెలిసిన వెంటనే ఇంటికి చెప్పమనండి. ఇక్కడ ఒక నెల ఖర్చు ఖాతాలో ఎప్పుడూ నిలవ ఉంచుకుంటే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది.

మాట వినకపోతే ఎక్కడికి వెళ్లాలి?

ముందు మాట్లాడండి. రెండోసారి రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ జీతం 7వ తేదీ దాటుతున్నా, లెక్క తప్పుగా కోస్తున్నా స్థానిక లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చెయ్యొచ్చు. వేతనాల కోడ్ ప్రకారం బాకీ జీతం కోసం మూడేళ్ల లోపు క్లెయిము వెయ్యొచ్చు. రావాల్సిన దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా అక్కడి అధికారికి ఉంది. జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

వకీలుకి ఫీజు ఇచ్చే స్తోమత లేదని ఆగిపోకండి. పారిశ్రామిక కార్మికులకీ, ఆడవాళ్లకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లొచ్చు, 15100 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు.

ఎక్కడికెళ్లినా అడిగేది కాగితమే. కాబట్టి ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. పనికెళ్లిన రోజులు, తీసుకున్న డబ్బు, కోసిన డబ్బు, ఒక నోటుబుక్కులో రాయండి. జీతం మెసేజ్‌లు ఫోన్లోంచి తీసెయ్యకండి.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. నెల జీతం ఏ లెక్కన వచ్చింది? 26 రోజులా, 52 వారాలా, నాలుగు వారాలా?
2. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నెల? ఏ తేదీన డబ్బు పడుతుంది?
3. చివరి బట్వాడాకి, నెల మొదలుకి మధ్య రోజుల డబ్బు ఎప్పుడిస్తారు?
4. మొదటి జీతం దాకా అడ్వాన్సు ఉంటుందా? ఎన్ని నెలల్లో కోస్తారు?
5. ఒక రోజు సెలవుకి ఎంత కోత? ఒక రోజు అదనపు పనికి ఎంత?
6. ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నాయా? నంబర్లు ఎప్పుడిస్తారు?
7. జీతం చీటీ ప్రతి నెలా ఇస్తారా?

ఈ ఏడు ప్రశ్నలూ అన్నయ్య తన షెడ్డులో కుర్రాళ్ల కోసం ఒక అట్ట మీద రాసి పెట్టాడు. పక్క షెడ్డులో కూడా నెల జీతం మొదలవుతోందని తెలిసి, పోయిన వారం అక్కడి హెల్పర్ కుర్రాడు వచ్చి దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లాడు. వాళ్లకి కూడా నాలుగుతోనే గుణించి ఇచ్చారట.